పేరు పక్కన రాసిన మాట

హైదరాబాద్,
యూనివర్సిటీ హాస్టల్,
18 ఆగస్టు 2024

అత్తమ్మా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏందీ?" అంటావు, నేను గొంతు చించుకుంటాను, పక్క గది అమ్మాయి వచ్చి తలుపు కొడుతుంది. నీ చెవులు నీకంటే ముందే రిటైరయ్యాయి కాబట్టి ఇకనుంచి ఉత్తరాలే. నేను బోర్డింగ్ స్కూల్లో ఉన్నప్పుడు నువ్వు రాసేదానివి, ఇప్పుడు వంతు నాది.

పీహెచ్‌డీలో చేరిపోయాను. ఖమ్మంలో ఏడేళ్ళు పిల్లలకు సోషల్ చెప్పి, ముప్పై ఒక్క ఏళ్ళకు మళ్ళీ బల్లకు ఇవతలి పక్కన కూర్చున్నాను. మొదటి రోజు గేటు దగ్గర వాచ్‌మన్ "చెల్లెను దింపనీకి వచ్చిండ్రా మేడం?" అన్నాడు. అవునని చెప్పి లోపలికి వచ్చేశాను. ఐడీ కార్డు చేతికొచ్చేదాకా అతనికి నిజం చెప్పే ధైర్యం రాలేదు.

ఇక్కడ రీసెర్చ్ స్కాలర్ల గది అని ఒకటుంది. కుర్చీలు పది, మేము పద్దెనిమిది మందిమి. పొద్దున్నే వచ్చి కుర్చీ మీద గొడుగు పెట్టి వెళ్తే ఇక ఆ కుర్చీ వాళ్ళదట. నేను గొడుగు తెచ్చుకోలేదు, లైబ్రరీ మెట్ల మీద చదువుకుంటున్నాను. హాస్టల్లో నాతో ఉండే దీపికది సత్తుపల్లి, కెమిస్ట్రీ పిల్ల. "అక్కా, మీ సబ్జెక్టులో ప్రయోగాలు ఎక్కడ చేస్తారండీ?" అని అడిగింది. మా అత్త వాళ్ళ ఊళ్ళో అన్నాను.

ఆ మాట నిజమే. నేను తీసుకున్నది చర్ల అడవి ఊళ్ళలో కాన్పులు చేసే మంత్రసానుల గురించి, వాళ్ళకు తెలిసిన విద్య గురించి. అంటే మన పొట్టెమ్మత్త గురించే. నా గైడ్ నిర్మలాదేవి మేడం "నీ పరిశోధన ప్రశ్న ఏమిటి?" అని అడిగితే అరగంట చెప్పాను. నీ నర్సు క్వార్టర్ వరండా, ఎండాకాలం సెలవులు, పొట్టెమ్మత్త కడుపుకు చెవి ఆనించి బిడ్డ తల ఎటుందో చెప్పడం, నువ్వు నీ గొట్టం పెట్టి విని అవునని తలూపడం. అన్నీ విని మేడం, "ఇది జ్ఞాపకం ఫ్లోరెన్స్. నాకు ప్రశ్న కావాలి" అన్నారు. బయటికొచ్చి ఏడ్చాను. కాసేపే.

ఒక్క సాయం చెయ్యి. పొట్టెమ్మత్త నాకు తన సంగతులు చెబుతుందా అని అడుగు. నవంబర్ చివర్లో కమిటీ ముందు నా పరిశోధన సారాంశం పెట్టాలి. ఆమె కాదంటే నాకు అసలు అంశమే లేదు.

నీ ఫ్లోరీ


చర్ల,
31 ఆగస్టు 2024

బంగారు ఫ్లోరీకి అత్తమ్మ రాసేది,

నీ ఉత్తరం పదకొండు రోజులకు వచ్చింది. వాగు పొంగి మూడు రోజులు బస్సు లేదు. నా మోకాళ్ళు, చెవులు తప్ప మిగతా అంతా దేవుని దయ వల్ల పని చేస్తున్నాయి.

నువ్వు డాక్టర్ అవుతున్నావని బజారంతా చెప్పాను. మందులివ్వని డాక్టరని చెప్పేసరికి మా పక్కింటి ఆశా వర్కర్ శారద ముఖం చిన్నబోయింది. "గట్లనా? మరి ఏం లాభం అమ్మా?" అంది. నాలుగేళ్ళు ఆగు, పుస్తకం వస్తుంది అన్నాను. అప్పటిదాకా జ్వరాలు ఆగుతాయా అని అడిగింది.

పొట్టెమ్మను అడిగాను. నవ్వి నవ్వి నోట్లో కొంగు కుక్కుకుంది. "నాకు తెల్సింది చెప్పనీకి గంత పెద్ద బడి ఎందుకు? పిల్లను గీడికొచ్చి కూసోమను" అంది. ఒప్పుకున్నట్టే.

నీ ఉత్తరం చదివాక రోజంతా పాత రోజులే. ఎనభై అయిదులో నేను ఈ ఊరికొచ్చినప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. తెల్ల చీర, తోలు సంచి, బోలెడు గర్వం. మొదటి కాన్పు దగ్గర అరగంటకోసారి లేచి గడియారం చూస్తుంటే పొట్టెమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నాకంటే చిన్నది, అయినా. చేతులు సబ్బుతో కడుక్కోవడం ఆమెకు నేను నేర్పాను. తొందరపడకుండా కూర్చోవడం నాకు ఆమె నేర్పింది. నలభై ఏళ్ళవుతోంది, మా మధ్య మాటా మాటా వచ్చింది లేదు.

నీకు గుర్తుందా, టీకాల డబ్బాలోని ఐసు గడ్డలు బుగ్గలకు పెట్టుకుని తిరిగేదానివి. టీకాలు పాడైతే నా ఉద్యోగం పోయేది. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు నిన్ను. ఇప్పుడు బాధపడుతున్నాను.

వేళకు తిను. లైబ్రరీ మెట్ల మీద కూర్చుంటే నడుము పోతుంది, ఒక గొడుగు కొనుక్కో.

మీ అత్తమ్మ


హైదరాబాద్,
22 సెప్టెంబర్ 2024

అత్తమ్మా,

గొడుగు కొన్నాను. కుర్చీ దొరికింది. ఒక చెయ్యి విరిగిన కుర్చీ, అయినా నాదే.

ఇప్పుడు మాకు పరిశోధన పద్ధతుల క్లాసులు. ఇరవై నాలుగేళ్ళ పిల్లల మధ్య నేను ముందు వరుసలో కూర్చుని అన్నీ రాసుకుంటాను. వాళ్ళు ఫోటో తీసుకుంటారు. మొన్న మేడం ఒక పని ఇచ్చారు. మీరు పరిశోధన చేయబోయే చోటు గురించి మీకు గుర్తున్నది ఏదీ దాచకుండా రాయండి, అక్కడ మీరు ఎవరి మనిషో మీకే తెలియాలి అన్నారు. రాస్తూ కూర్చుంటే పదకొండు పేజీలు అయింది.

సగం కన్నయ్య మామే. పొట్టెమ్మత్త భర్త మనిషి పల్చగా ఉండేవాడు, తల గుడ్డ, మోచేతి దాకా ఆకు మరకలు. తునికాకు కోతకు నన్ను వెంట తీసుకుపోయేవాడు. తను ముందు కర్రతో నేల తడుతూ నడిచేవాడు, పాములు జరుగుతాయని. నేను అలిసిపోయానని అనకముందే కూర్చునేవాడు, తనే అలిసిపోయినట్టు. కోసిన తునికి పండ్లలో మెత్తనివన్నీ నాకే. ఆ పండు వాసన ఇప్పుడు హైదరాబాద్‌లో ఎక్కడా దొరకదు. రాస్తుంటే కళ్ళు మండాయి.

ఆయన గురించి నాకు గుర్తున్న చివరి రోజు కూడా రాశాను. నాకు పదేళ్ళు. ఒక నిండు చూలాలికి కాన్పు కష్టమైతే పోలీసు క్యాంపు జీపు వచ్చింది. నువ్వు ఆమెను ఎక్కించి, మా గేటు దగ్గర నిలబడి "కన్నయ్యా, జల్దీ ఎక్కు, డ్రైవర్‌కు తొవ్వ తెల్వదంట" అని కేకేశావు. ఆయన చేతిలో ఆకు కట్ట అరుగు మీద పడేసి పరుగెత్తాడు. ఆ తర్వాత సెలవుల్లో వచ్చేసరికి లేడు. కూలికి పోయాడన్నారు. ఎక్కడికి పోయాడు అత్తమ్మా? తిరిగి ఎందుకు రాలేదు?

ఇంకో సంగతి. నేను ఎవరితో మాట్లాడతానో వాళ్ళ అంగీకారం కాగితం మీద ఉండాలట. ఇంగ్లీషు ఫారం ఉంటే నేనే కూర్చుని తెలుగు చేశాను. పొట్టెమ్మత్త పేరు మీద రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆమె పేరుతో పోస్టు రావడం ఇదే మొదటిసారి కదా, సంబరపడుతుంది. వేలిముద్ర వేయించి పంపు.

నీ ఫ్లోరీ


చర్ల,
14 అక్టోబర్ 2024

ఫ్లోరెన్స్,

ఏం పంపావు నువ్వు? ఏం రాశావో నీకు తెలుసా?

మా పోస్ట్‌మన్ రూప్లా కారేపల్లి నుంచి కొత్తగా వచ్చాడు, ఈ ఊరి సంగతులు తెలియవు. పొట్టెమ్మ కిరాణా కొట్టు దగ్గర ఉంటే అక్కడే కవరు ఇచ్చాడు. చదివి చెప్పమంది. పది మంది ఉన్నారు. అతను అందరికీ వినపడేటట్టు "ఇర్పా పొట్టెమ్మ, ముఖ్య ఇన్ఫార్మెంట్" అని చదివాడు.  కొట్టు వాళ్ళు ఆమెకు ఉప్పు కట్టి ఇచ్చి ముఖం తిప్పుకున్నారట.

మీ క్లాసులో ఆ మాటకు అర్థం వేరే కావచ్చు. ఈ అడవిలో ఒక్కటే అర్థం. ఇటు కబురు అటు చేరవేసేవాడు. అడవిలో వాళ్ళది పోలీసులకు, పోలీసులది అడవిలో వాళ్ళకు. ఆ మాట పేరు పక్కన పడితే ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు. ఇప్పుడు పరిస్థితి మునుపటిలా లేదంటారు, క్యాంపులు కూడా కొన్ని లేచిపోయాయి. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు.

కన్నయ్య ఎక్కడికి పోయాడని అడిగావు కదా. ఆ మాట వల్లే పోయాడు. క్యాంపు జీపులో కనపడ్డాడని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. నెల తిరగకుండా ఊరు విడిచాడు. అవతలి రాష్ట్రంలో ఎక్కడో మిరప తోటల్లో పని చేశాడని, ఆరేళ్ళకు జ్వరంతో పోయాడని కబురు వచ్చింది. చూడడానికి కూడా పోలేకపోయింది పొట్టెమ్మ. నీకు చిన్నప్పుడు చెప్పలేదు.

నేను పరుగున వెళ్ళాను. "తప్పు మా పిల్లది, ఆ ఫారం రాసినోళ్ళది, నువ్వు మనసుల పెట్టుకోకు" అని బతిమాలాను. పొట్టెమ్మ నా ముఖం వైపు చాలాసేపు చూసి తలుపేసుకుంది. నలభై ఏళ్ళలో మొదటిసారి. మూడు రోజులుగా వెళ్తున్నాను, తియ్యడం లేదు.

నీ చదువు నా స్నేహాన్ని తినేసింది. కోపంలో రాస్తున్నాను, రాయనీ.

జోజమ్మ


హైదరాబాద్,
25 అక్టోబర్ 2024

అత్తమ్మా,

నువ్వు పేరుతో సంతకం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఒక్క పదం నన్ను ఎక్కువ కొట్టింది.

తప్పు నాదే. ఇంగ్లీషులో ఆ మాట నాలుగు పుస్తకాల్లో చదివాను, సమాచారం ఇచ్చే వ్యక్తి అని. తెలుగు చేసేటప్పుడు మంచి మాట తట్టక ఉన్నదాన్నే తెలుగు అక్షరాల్లో పెట్టేశాను. సెలవులన్నీ చర్లలో గడిపినదాన్ని, ఖమ్మం పిల్లను, నాకు కదా తట్టాల్సింది. ఇంకెవరికి తడుతుంది?

నీ ఉత్తరం మేడంకు చదివి వినిపించాను.  ఆమె నా సారాంశం తీసి, ఆ మాట ఉన్న చోటల్లా పెన్సిల్‌తో కొట్టేశారు. పదిహేడు చోట్ల ఉంది. "ముప్పై ఏళ్ళుగా ఈ మాట పాఠం చెబుతున్నాను, ఒక్కరోజూ దాన్ని వినలేదు" అన్నారు. అయితే కమిటీ కమిటీయే. నవంబర్ నెలాఖరుకు ఒక్కరి అంగీకారమైనా చూపించకపోతే అంశం మార్చుకోమంటారు. ఖమ్మంలో పెద్ద ఆసుపత్రి రికార్డుల మీద చెయ్యమని ఇప్పటికే ఒకరు సలహా ఇచ్చారు.

నేను వచ్చి పొట్టెమ్మత్త కాళ్ళు పట్టుకుంటాను. రమ్మంటావా?

ఇంకోటి అడగాలి. రెండు రోజులుగా అడగనా వద్దా అని కొట్టుకుంటున్నాను. నా సెప్టెంబర్ ఉత్తరంలో, నువ్వు కన్నయ్య మామను జీపెక్కమని పిలిచిన సంగతి రాశాను. దాని గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. "జీపులో కనపడ్డాడు" అని మాత్రం రాశావు. ఆయనను పిలిచింది నర్సమ్మే అని ఊళ్ళో అందరికీ తెలిస్తే ఆయన మీద అనుమానం ఎందుకు వచ్చింది? అరుగు మీద కూర్చున్న నాకు వినపడింది, ఊరికెందుకు వినపడలేదు?

ఇది పరిశోధన కోసం అడగడం లేదు.

ఫ్లోరీ


చర్ల,
8 నవంబర్ 2024

ఫ్లోరీ,

నువ్వు రావద్దు. ఇప్పుడు నువ్వు కాగితాలు, బ్యాగు పట్టుకుని దిగితే ఇంకా చెడుతుంది.

నీ ప్రశ్నకు జవాబు రాయడానికి పది రోజులు పట్టింది. నాలుగు కాగితాలు చింపాను.

ఆ మధ్యాహ్నం అందరూ ఆకు కోతలో ఉన్నారు. నేను పిలవడం విన్నది నువ్వొక్కదానివే. డ్రైవర్‌కు దారి తెలియదు, ఆ తల్లికి బిడ్డ అడ్డం తిరిగి తెలివి తప్పింది, నాకు ఇంకేమీ తోచలేదు. భద్రాచలం దవాఖానాకు చేరాం. తల్లీ బతికింది, పుట్టిన ఆడబిడ్డా బతికింది. తిరిగి వచ్చేటప్పుడు కన్నయ్య డ్రైవర్ పక్కన కూర్చుని ఉంటే దారిలో చూసినవాళ్ళు చూశారు.

వారం తర్వాత నలుగురు వచ్చారు. వాళ్ళెవరో నేను రాయను. వరండాలో నిలబడి మర్యాదగానే అడిగారు. "నర్సమ్మా, కన్నయ్యను జీపులకు ఎవరు పిలిచిండ్రు?" అని. నువ్వు లోపలి గదిలో పండ్లు తింటున్నావు. నీ కోసం భయపడ్డానని రాస్తే నువ్వు నమ్ముతావు, నాకు తేలికవుతుంది. అది నిజం కాదు. నా కోసమే భయపడ్డాను. క్యాంపు జీపు కావాలని కబురు పంపింది నేను, మనిషిని పిలిచింది నేను. అన్నీ నా మెడకే చుట్టుకుంటాయనిపించింది.

"నేను పిలువలె. ఆయనే ఎక్కిండు" అన్నాను.

అంతే ఫ్లోరీ. రెండు ముక్కలు. వాళ్ళు తలూపి వెళ్ళిపోయారు. నెలకు కన్నయ్య వెళ్ళిపోయాడు. నేను పొట్టెమ్మ పక్కన కూర్చుని ఆమెతో పాటు ఏడ్చాను. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమె చేతి జావ తాగుతున్నాను. రిటైరయ్యాక ఖమ్మం ఎందుకు రాలేదని మీ నాన్న అడిగేవాడు. ఆమెను వదిలి ఎట్లా వస్తాను? ఎవరికీ చెప్పలేదు, చర్చిలో ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో కూడా చెప్పలేదు.

మొన్న తలుపు దగ్గర నిలబడి తప్పు మా పిల్లది అన్నాను. మళ్ళీ ఇంకొకరి మీద పెట్టాను చూడు.

నువ్విక నాకు ఉత్తరాలు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

అత్తమ్మ


హైదరాబాద్,
17 నవంబర్ 2024

అత్తమ్మా,

రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. కన్నయ్య మామ ఆకు కట్ట పడేసి పరుగెత్తడమే కళ్ళముందు కనిపించింది. మూడో రోజు ఎనభై అయిదులో తోలు సంచితో వచ్చిన నువ్వు కనిపించావు. అంత అడవిలో, ఒంటరిగా. నాకు ఇద్దరూ కావాలి, ఏం చెయ్యను?

కమిటీకి రాసిచ్చేశాను, ఈసారి సారాంశం పెట్టనని. వచ్చే విడతకు ఆరు నెలలు. అప్పటికీ పొట్టెమ్మత్త కాదంటే ఆసుపత్రి రికార్డులే చేసుకుంటాను. మేడం సంతకం పెడుతూ, "ప్రశ్న దొరికినట్టుందే" అన్నారు. కాగితం తీసుకుని వచ్చేశాను.

కాబట్టి నా ఫారం మీద వేలిముద్ర కోసం నువ్వు ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. నా చదువు దీనిలో లేదు ఇక. నువ్వు వెళ్ళాలి, నీ కోసం వెళ్ళాలి. నాకు రాసింది ఆమెకు చెప్పు. నేను నిన్ను క్షమించగలను, అది చాలా సులువు, నా మొగుడు కాదుగా పోయింది.

ఉత్తరాలు ఆపను. నువ్వూ ఆపకు.

నీ ఫ్లోరీ


చర్ల,
2 డిసెంబర్ 2024

ఫ్లోరీ,

చెప్పేశాను.

నిన్న ఆదివారం చర్చిలో పూజ కాగానే, ఇంటికి వస్తే మళ్ళీ వెనకాడతానని తిన్నగా పొట్టెమ్మ ఇంటికే పోయాను. తలుపు వేసి ఉంది. బయటే నిలబడి చెప్పాను. "పొట్టెమ్మా, ఆనాడు కన్నయ్యను జీపెక్కమని పిలిచింది నేను. వాళ్ళడిగితే నేను పిలువలేదని అబద్ధమాడింది నేను. కాగితం తప్పు కాదు, పిల్ల తప్పు కాదు. ఆయన ఎవ్వరికీ ఏం చెప్పలేదు." నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు కదా. బోరింగు దగ్గర నీళ్ళు పట్టేవాళ్ళంతా బిందెలు వదిలేసి నిలబడ్డారని తర్వాత శారద చెప్పింది. ఊరికి తెలియాల్సిందే, తెలిసింది.

తలుపు తీసింది. కొడుతుందేమో అనుకున్నాను. నా చెవి దగ్గరకు వచ్చి, నాకు వినపడేటట్టు మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నాకు ఆనాడే తెల్సు నర్సమ్మా. పోయే ముందు ఆయనే చెప్పిండు. నర్సమ్మను ఏమనకు, ఆమె భయపడి పోతే మల్లొక నర్సు ఈ అడవికి రాదు, కాన్పులకు నీ ఎంట ఎవరుంటరు అన్నడు. ఆ మాట మీదనే ఉన్న."

ఫ్లోరీ, నేను ఆమె గడప మీదే కూర్చున్నాను. నేను ఆమెను ఓదారుస్తున్నాననుకున్న ఇన్నేళ్ళూ ఆమె నన్ను ఊళ్ళో నిలబెట్టింది. ఎందుకు అడగలేదే నన్ను, ఒక్కసారైనా తిట్టలేదే అని ఏడ్చాను. "నువ్వే చెప్తవని చూసిన" అంది. "ఆ కాగితం వచ్చిననాడన్నా చెప్తవనుకున్న. నువ్వొచ్చి పిల్లది తప్పంటివి. గందుకే తలుపేసిన." అంతే, ఆ కోపం కాగితంలోని మాట గురించి కాదు, ఆ మాటకు ఆమె భయపడనూ లేదు.

తర్వాత లోపలికి పిలిచింది. జావ పోసింది, తాగాను.

నిన్ను రమ్మంది. ఎండాకాలం దాకా ఆగకుండా రమ్మంది. తనకు తెలిసిందంతా చెబుతుందట, వేలిముద్ర కూడా వేస్తుందట. అయితే నీ పుస్తకంలో ముందుగా కన్నయ్య పేరు ఉండాలట. తర్వాతెప్పుడో కాదు, ఇప్పుడే తన ముందు రాయాలంది. నా సంచిలో ఉన్న నోటుబుక్కులో మొదటి పేజీ తీసి రాశాను, ఇర్పా కన్నయ్య అని. ఆ పేజీ ఈ కవరులోనే పెట్టాను చూసుకో. చదవడం రాకపోయినా ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది.

పేరు పక్కన ఏమని రాయాలే అని అడిగాను.

"దవాఖానాకు తొవ్వ చూపిండు అని రాయి" అంది.

మీ అత్తమ్మ